ఐదు సీసాలు

ఏడాదికోసారి డిపోలో వైద్యపరీక్షలు జరిగే రోజున చువ్వకి దొరికే మర్యాద మేనేజరుకి కూడా దొరకదు. మిగతా రోజులన్నీ "ఒరేయ్ చువ్వా, వెనకద్దం మీద మచ్చలు అలాగే ఉన్నాయిరా, కళ్ళెక్కడ పెట్టుకున్నావు?" అని అరిచే నోళ్ళే ఆ ఒక్క పొద్దున "రా తమ్ముడూ, టీ తాగావా? బన్ను తిను" అంటూ బల్ల మీద చోటిస్తాయి. మనిషి పొడుగ్గా, సన్నగా ఉంటాడు కాబట్టి చువ్వ అన్నారు. అసలు పేరు కాంట్రాక్టరు హాజరు పుస్తకంలో ఉంది. దాన్ని అక్కణ్ణుంచి బయటికి తీసి పిలిచినవాళ్ళు లేరు.

చువ్వ పని బస్సులు కడగడం. గొట్టంతో పైకప్పు నుంచి చక్రాల దాకా తడుపుతాడు. నిలువెత్తు కర్రకి కట్టిన బ్రష్షుని సబ్బునీళ్ళ బకెట్లో ముంచి, చెయ్యి భుజానికి పైన లేపి, ముందు నుంచి వెనక్కి ఒకే ఊపున లాగుతాడు. సీట్ల కింద ఎవడో కక్కిందీ, ఎవడో ఉమ్మిందీ గోకి తీస్తాడు. రోజుకి ఇరవై రెండు బస్సులు. ఆ పనిలోనే కుడి భుజం ఎప్పుడో చెడింది.

అలాంటివాడికి మర్యాద ఎందుకంటే, నలభై అయిదేళ్ళు దాటిన డ్రైవర్లు ఏటా మూత్రపరీక్షకి సీసా ఇవ్వాలని రూలు. పెద్ద డ్రైవరుకి షుగరు. మీసాల డ్రైవరుకి సాయంత్రమైతే గ్లాసు పట్టుకోనిదే తోచదు. మిగిలిన ముగ్గురికీ ఏముందో వాళ్ళకే తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. పరీక్షలో తేడా వస్తే బండి దింపేసి ఇంటికి పంపిస్తారని అందరికీ గుండెల్లో దడ. పదకొండేళ్ళ కిందట పెద్ద డ్రైవరే ఉపాయం కనిపెట్టాడు. చువ్వ తాగడు, పొగ పీల్చడు, టీలో చక్కెర కూడా వేసుకోడు. "వీడి ఒళ్ళు కడిగి పెట్టిన బస్సురా" అన్నాడు. మొదట్లో రెండు సీసాలు. ఇప్పుడు ఐదు.

చువ్వకి కూడా అదో విద్య కిందే లెక్క. తెల్లారగట్లే రెండు చెంబుల నీళ్ళు తాగి బిగబట్టుకుని వస్తాడు. ఐదు సీసాలూ ఖాళీ బకెట్లో పెట్టుకుని, పైన తడిగుడ్డ కప్పుకుని, కడిగే షెడ్డు వెనక ఉన్న పాయిఖానాలోకి వెళ్తాడు. ఒకదాంట్లో మూడు వేళ్ళ మందం, ఒకదాంట్లో రెండు. అన్నీ ఒకే కొలతైతే కాంపౌండరుకి అనుమానం రాదూ? బయటికొచ్చి, ఎవరి సీసా వాళ్ళ చేతిలో పెడతాడు. డబ్బులిస్తామంటే తీసుకోడు. "ఛ, దీనికి డబ్బులేంటన్నా" అని సిగ్గుపడతాడు. అంచేత వాళ్ళు తమకి ఊరికే దొరికేదే ఇస్తారు. డిపో ఆస్పత్రిలో నడుం నొప్పి అంటే చాలు, డ్రైవర్లకి మాత్రల పట్టీలు పట్టీలుగా ఇస్తారు. ఆ మాత్రలన్నీ చువ్వ భుజానికే. ఏడాది పొడుగునా ఎవరో ఒకరు గుర్తు పెట్టుకుని జేబులో పెట్టి వెళ్తారు. తనకంటూ ఇంతమంది ఉన్నారు కదా అని చువ్వకి లోపల్లోపల పొంగు.

ఈసారి సీసాల్లో నురగ నిలబడింది. ఒక నిమిషం చూశాడు, దిగలేదు. సబ్బునీళ్ళ చెయ్యి కదా, అదే అంటుకుని ఉంటుందనుకుని, మూతలు బిగించి ఇచ్చేశాడు.

మర్నాడు పదింటికి కాంపౌండరు మొదటి సీసాలో పరీక్ష పట్టీ ముంచాడు. పసుప్పచ్చగా ఉండాల్సిన చోట ముదురు ఆకుపచ్చ తేలింది. రెండోదీ అంతే. ఐదోది కూడా అలాగే తేలేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇదేం చోద్యమయ్యా! ఐదుగురికీ ఒక్కసారే కిడ్నీలు చెడ్డాయా? మూత్రంలో ఇంత ప్రోటీను పోతుంటే మీరు నడిచి ఎలా వచ్చారయ్యా?"

ఏం జరిగిందో ఐదుగురికీ అర్థమైంది. అది తమ మూత్రం కాదని చెప్పడానికి లేదు. చెబితే ఉద్యోగమే పోతుంది. నోరు మూసుకుని బయటికొచ్చారు. అందరికంటే ముందు మీసాల డ్రైవరు కడిగే షెడ్డుకి ఉరికాడు.

"ఏం తిన్నావురా? ఏం తాగావు? మా కొంపలు ముంచావు కదరా!"

చువ్వ బ్రష్షు కింద పెట్టి, తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "ఏమీ తినలేదన్నా. అన్నం, ఎండుచేప. రోజూ తినేదే."

"మరి ఎందుకొచ్చిందిరా రోగం? నమ్మి నీ చేతిలో పెడితే ఇదా నువ్వు చేసేది? పిల్లలుగలవాళ్ళం మేము!"

"తప్పయిపోయిందన్నా" అన్నాడు చువ్వ.

ఏం తప్పో వాడికీ తెలియదు. కానీ ఐదుగురు పెద్దవాళ్ళు కోపంగా ఉన్నప్పుడు తప్పు తనదే అయ్యుంటుందని వాడికి అలవాటు. నీకేమైందిరా అని ఆ ఐదుగురిలో ఒక్కడంటే ఒక్కడికి నోరు రాలేదు. పెద్ద డ్రైవరు మాత్రం ఒకసారి వాడి పాదాల వంక చూసి, మీసాల వాడి వెనకే వెళ్ళిపోయాడు.

మేనేజరు భయం మేనేజరుది. ఐదుగురు డ్రైవర్లకి ఒకేసారి కిడ్నీ జబ్బంటే కారణం డిపోలోనే ఉండాలి. ఏముంది, తాగే నీళ్ళ ట్యాంకు! దాన్ని కడిగి ఎన్నేళ్ళయిందో రికార్డులో లేదు. ఈ సంగతి యూనియను చెవిన పడితే తన కుర్చీ ఉండదు. మధ్యాహ్నానికల్లా రెండు హుకుంలు జారీ అయ్యాయి. ఐదుగురూ డిపో ఖర్చు మీద పెద్దాస్పత్రికి వెళ్ళి కిడ్నీ డాక్టరుకి చూపించుకోవాలి. ట్యాంకు వెంటనే కడగాలి.

ట్యాంకు కడగడానికి దిగింది ఎవరనుకున్నారు? చువ్వే. గురువారం మధ్యాహ్నమంతా మోకాళ్ళ లోతు పాచి నీళ్ళలో వంగి, ఇనుప బ్రష్షుతో గోడలు గోకాడు. తన జబ్బుకి కారణం దొరుకుతుందేమోనన్నట్టు గోకాడు. దొరికింది ఒక చచ్చిన బల్లి.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పితే, పాదం మీద పట్టీలు ఉన్నచోట రెండు గుంటలు పడి ఉన్నాయి. పాదం ఉబ్బి, గుంటలు గుంటలుగానే ఉండిపోయాయి. చువ్వ పెళ్ళాం ఇస్త్రీ కొట్టులో పనిచేస్తుంది. నిలబడి నిలబడి ఆవిడ కాళ్ళూ వాస్తాయి, కానీ ఇలా కాదు.

"ఏంటయ్యా ఈ కాళ్ళు?"

"ట్యాంకులో నానాయిలే." జరిగిందంతా చెప్పాడు, నవ్వులాటగా చెప్పబోయాడు. "పాపం, ఐదుగురికీ వచ్చింది. మీసాలాయన ఏడుపొక్కటే తక్కువ."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఐదుగురికి రావడమేంటయ్యా? ఆ ఐదు సీసాలూ నీవే కదా!"

"నావే."

"మరి రోగమెవరికి? నీకు బుర్ర ఉందా? వాళ్ళని ఆస్పత్రికి పంపుతున్నారు సరే, నిన్నెవడు పంపుతాడు?"

చువ్వ అన్నం ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. పొద్దుటి నుంచీ వాడు ఆ ఐదుగురి గురించే బాధపడుతున్నాడు. ఇందులో తన ఒళ్ళు కూడా ఉందన్న సంగతి వాడికి అప్పుడే తట్టింది. ముద్ద కంచంలో పెట్టేశాడు.

ధర్మాస్పత్రి ఉంది. అయితే అక్కడ చీటీకే పొద్దంతా పోతుంది. చెప్పకుండా ఒక రోజు మానితే కాంట్రాక్టరు ఇంకొకణ్ణి పెట్టేసుకుంటాడు. కడిగేవాళ్ళకి వైద్యపరీక్షలూ లేవు, ఆస్పత్రి కార్డులూ లేవు. వాళ్ళు డిపోలో ఉంటారు గానీ డిపో మనుషులు కారు.

మర్నాడు పొద్దున్నే పెద్ద డ్రైవరు బండి షెడ్డులోకి రాగానే చువ్వ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, నీ కాగితం మీద పెద్దాస్పత్రికి నేను వెళ్తా."

పెద్ద డ్రైవరు స్టీరింగు మీద చేతులు తీయలేదు. ఆయన కూడా రాత్రంతా అదే ఆలోచించాడు. తను వెళ్తే షుగరు బయటపడుతుంది. నాలుగు నెలలుగా కుడి పాదం మొద్దుబారి, బ్రేకు మీద కాలుందో లేదో కళ్ళతో చూసుకుంటే గానీ తెలియడం లేదు. అరవై మందిని ఎక్కించుకుని అలాగే నడుపుతున్నాడు. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళుంది.

"దొరికిపోతే ఇద్దరం పోతాం తమ్ముడూ."

"ఇన్నేళ్ళూ దొరికామా అన్నా? నాకేమైందో తెలుసుకోవాలి. అంతే."

పెద్ద డ్రైవరు జేబులోంచి కార్డు తీసిచ్చాడు. అందులో ఫోటో ఇరవై ఏళ్ళ కిందటిది. అప్పుడు ఆయన కూడా బక్కగానే ఉండేవాడు. చువ్వ బళ్ళు ఆ పూటకి తోటివాళ్ళు పంచుకున్నారు.

పెద్దాస్పత్రిలో నేల మీద మొహం కనిపిస్తోంది. ఎవరు తుడుస్తారో ఇంత బాగా అనుకుంటూ చువ్వ కుర్చీ అంచున కూర్చున్నాడు. నర్సు పెద్ద డ్రైవరు పేరు పిలిచింది. కదల్లేదు. మూడోసారి విసుగ్గా పిలిస్తే, తనే కదా అని ఉలిక్కిపడి లేచాడు. రక్తం తీశారు, సీసా ఇచ్చారు. ఒక్కటే సీసా. అలవాటు చొప్పున మిగతావి ఎక్కడని అడగబోయి ఊరుకున్నాడు.

డాక్టరమ్మ నడివయసు మనిషి. నెమ్మదిగా మాట్లాడుతుంది. కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి, గుంట ఎంతసేపుంటుందో చూసింది. బీపీ ఒకసారి చూసి, నమ్మకం లేక రెండోసారి చూసింది.

"కూర్చోండి డ్రైవరు గారూ. ఈ చేతులేంటి ఇలా పాచిపోయి ఉన్నాయి?"

"బండి నేనే కడుక్కుంటానమ్మా."

"మందులేమైనా వాడుతున్నారా?"

"ఏం లేవమ్మా."

"ఒళ్ళు నొప్పులకి?"

"అవి మందులా అమ్మా? అవి రోజూ వేసుకుంటా. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. బళ్ళెక్కువైతే ఇంకోటి." జేబులోంచి నలిగిన పట్టీ తీసి చూపించాడు.

డాక్టరమ్మ పట్టీ తిప్పి చూసింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండేళ్ళు."

"ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదమ్మా. నా మీద ప్రేమతో ఇచ్చారు."

ఆవిడ నవ్వలేదు. కలం పక్కన పెట్టి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. ఈ మాత్ర నాలుగు రోజులు వేసుకుంటే నొప్పి తగ్గిస్తుంది, ఏళ్ళ తరబడి రోజూ మింగితే కిడ్నీల్ని తినేస్తుంది. నీళ్ళు సరిగా తాగకుండా ఎండలో పనిచేసేవాళ్ళని ఇంకా తొందరగా తింటుంది. పైగా బీపీ ఉంది, అదెప్పట్నుంచో ఎవరికీ తెలియదు. ఎండుచేప మానాలి, ఉప్పు తగ్గించాలి. నొప్పి మాత్ర ఇవాళే ఆపాలి. బీపీ మాత్ర రోజూ ఒకే వేళకి వేసుకోవాలి, ఒళ్ళు బాగానే ఉంది కదా అని ఒక్కరోజు కూడా మానకూడదు.

"మీ కిడ్నీలు సగం పైనే చెడి ఉండొచ్చు. మిగిలింది కాపాడుకోవచ్చు. ఆలస్యం చేస్తే మాత్రం వారానికి మూడుసార్లు రక్తాన్ని మిషను మీద కడగాల్సి వస్తుంది."

చువ్వకి ఆ ఒక్క మాటా బాగా అర్థమైంది. కడగడం అంటే ఏంటో వాడికి తెలుసు. ఇవాళ కడిగింది రేపటికి మళ్ళీ మురికవుతుంది.

"మందులు మీ డిపో ఆస్పత్రిలోనే ఇస్తారు, ఈ కాగితం చూపించండి" అంది డాక్టరమ్మ.

బస్సులో తిరిగొస్తూ వాడికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. జబ్బుకి కాదు. 'గారూ' అని పిలిచి అరగంట సేపు తన ఒంటి గురించి మాట్లాడిన మనిషిని వాడు పుట్టాక మొదటిసారి చూశాడు. ఆవిడ ఆ మర్యాద ఇచ్చింది కార్డుకేమో, ఏమో. అయినా సరే, దక్కింది తనకి.

శనివారం మధ్యాహ్నం రిపోర్టులన్నీ డిపోకి వచ్చాయి. మిగతా నలుగురూ పెద్దాస్పత్రిలో సొంత సీసాలే ఇచ్చారు. ఇద్దరికి కొద్దిగా షుగరుందనీ, రోజూ ఒక మాత్ర వేసుకుని అదుపులో పెట్టుకుంటే బండి నడుపుకోవచ్చనీ రాశారు. ఇన్నేళ్ళు దేనికి వణికి చచ్చారో అది అంత చిన్నది. కిడ్నీ జబ్బు మాత్రం ఒక్కరికే ఖాయమైంది, పెద్ద డ్రైవరుకి.

మేనేజరు ఆ కాగితం చూసి కంగారుపడ్డాడు. ట్యాంకు గొడవ పైకి పొక్కకూడదు. పెద్ద డ్రైవర్ని పిలిపించి, తలుపేసి, కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడాడు. స్టీరింగు పట్టక్కర్లేదు. విచారణ కిటికీ దగ్గర కూర్చోవడమే పని. జీతం అంతే, మందులు డిపోవే. సోమవారం నియమం ప్రకారం ఇంకొక్క సీసా ఇస్తే, రిటైరయ్యే దాకా ఆ కుర్చీ ఖాయం.

సాయంత్రానికల్లా ఈ కబురు డిపో అంతా గుప్పుమంది. అబ్బో, ఏం కిడ్నీలయ్యా అవి!

చువ్వ కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి పెద్ద డ్రైవరు ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. చువ్వ తెచ్చిచ్చిన కాగితం మీద డిపో ఆస్పత్రి ఇచ్చిన మందుల సంచీ బల్ల మీద ఉంది. చువ్వని చూసి, సంచీ నెమ్మదిగా సొరుగులోకి జరిపాడు.

"అన్నా, మందులు."

"ఇస్తాన్రా. నీవే కదా అవి, నాకెందుకు? కానీ సోమవారం దాకా ఆగు తమ్ముడూ."

"రోజూ వేసుకోవాలని చెప్పింది డాక్టరమ్మ. మానకూడదంది."

"రెండు రోజులకి ఏమవుతుంది చెప్పు? ఇన్నాళ్ళు వేసుకున్నావా? ఇప్పుడు మందు పడితే సోమవారం సీసాలో ఏం తేలుతుందో, ఏమో. ఈ కుర్చీ పోతే నేను మళ్ళీ బండెక్కాలి. నా కాలు సంగతి నీకు తెలుసు. రేపు ఏ పిల్లల మీదికో ఎక్కిస్తే ఆ పాపం ఎవరిది?" అబద్ధం కాదు, ఆయనకి నిజంగానే భయం. "అన్న మాట వినరా."

చువ్వ సొరుగు వంక చూశాడు. అడుక్కోవడం వాడికి చేతకాలేదు. ఆయన మాట కాదనడం అంతకన్నా చేతకాలేదు. షెడ్డుకి తిరిగొచ్చాడు.

అక్కడ నలుగురూ కూర్చుని ఉన్నారు. మీసాల డ్రైవరు లేచి, తను కూర్చున్న స్టూలు తువ్వాలుతో దులిపి ముందుకి జరిపాడు.

"కూర్చో తమ్ముడూ. మొన్న ఏదో కోపంలో నోరు జారాను, మనసులో పెట్టుకోకు. మా ఇంటి మనిషివి నువ్వు." గొంతు తగ్గించాడు. "మాకూ అనుమానంగా ఉందని, సోమవారం ఇంకోసారి సీసా ఇస్తామని మేనేజరుతో చెప్పాం. ఆయన సరేనన్నాడు. పెద్దన్నకి దొరికినట్టే మాకూ కూర్చునే పని దొరుకుతుంది. ఐదుగురివీ నువ్వే ఇవ్వాలి. మొన్నటిదే, ఆ నురగదే కావాలి. తేడా రాకూడదు."

"డాక్టరమ్మ నొప్పి మాత్రలు ఆపమందన్నా. ఆపేశాను."

"ఆపావా?" మీసాల డ్రైవరు మిగతావాళ్ళ వంక చూశాడు. జేబులో చెయ్యి పెట్టి, కొత్త మాత్రల పట్టీలు రెండు తీశాడు. చువ్వ చొక్కా జేబులో పెట్టి, పైనుంచి అరచేత్తో మెల్లగా తట్టాడు. "భుజం లాగేస్తుంటుంది పాపం, ఎందుకు ఓర్చుకోవడం? సోమవారం దాకా వేసుకో. ఆ తర్వాత నీ ఇష్టం."

చువ్వ నలుగురి మొహాల్లోకీ చూశాడు. ఆ మాత్రలేం చేస్తాయో పెద్ద డ్రైవరు వాళ్ళకి చెప్పే ఉంటాడు. తెలిసే ఇస్తున్నారు. ఇన్నేళ్ళూ తెలియక ఇచ్చారు, దాన్ని ప్రేమనుకున్నాడు. ఇవాళ తెలిసి ఇస్తున్నప్పుడు కూడా ఆ చెయ్యి అంతే మెత్తగా ఉంది. వాడికి ఒళ్ళంతా చీదర పుట్టింది. పట్టీలు తీసి తిరిగి ఇవ్వాలనుకున్నాడు. చెయ్యి లేవలేదు.

ఆదివారం భుజం నరకం చూపించింది. పెళ్ళాం ఇస్త్రీ పెట్టె వేడి చేసి, గుడ్డ మడతపెట్టి కాపడం పెట్టింది. జేబులో పట్టీలు చూసి, వాటిని తీసుకెళ్ళి మురిక్కాలవలో పారేసింది. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది వాడికి.

సోమవారం పొద్దున్న బల్ల మీద రెండు బన్నులు, పెద్ద గ్లాసులో టీ. చుట్టూ ఐదుగురు. "తిను తమ్ముడూ, తొందరేం లేదు." చువ్వ తాగలేదు. బకెట్లో ఐదు సీసాలూ పెట్టుకుని, తడిగుడ్డ కప్పుకుని, షెడ్డు వెనక్కి వెళ్ళాడు. తలుపు గొళ్ళెం పెట్టుకున్నాడు.

పది నిమిషాలు గడిచాయి. బయట మీసాల డ్రైవరు దగ్గాడు. ఇంకో ఐదు నిమిషాలకి తలుపు తట్టాడు.

చువ్వ బయటికొచ్చి బకెట్టు కింద పెట్టాడు. సీసాలు ఐదూ వచ్చినవి వచ్చినట్టే ఖాళీగా ఉన్నాయి.

"ఏంట్రా ఇది?"

"ఇవ్వను" అన్నాడు చువ్వ.

వాడు గట్టిగా అనలేదు. మీసాల డ్రైవరు కాలరు పట్టుకున్నాడు. ఇంకొకడు కాంట్రాక్టరుకి ఫోను కలిపాడు. పెద్ద డ్రైవరు "వదలండ్రా, వదలండి" అంటూనే, "తమ్ముడూ, నన్ను చంపకురా, ఒక్క సీసా, నాదొక్కటే" అని చేతులు పట్టుకున్నాడు. చువ్వ ఆ చేతుల్లోంచి తన చేతులు విడిపించుకుని, షెడ్డు దాటి, గేటు దాటి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. కడగాల్సిన బస్సులు ఏడు వరసలో నిలబడి ఉన్నాయి. వెనకనుంచి, రేపట్నుంచి రానక్కర్లేదని ఎవరో అరిచారు.

ధర్మాస్పత్రిలో పెళ్ళాం అప్పటికే వరసలో నిలబడి ఉంది. పది దాటాక చీటీ కిటికీ దగ్గర పేరడిగారు. తన పేరు చెప్పాడు. చాలా రోజుల తర్వాత నోట్లోంచి రావడం వల్లనేమో సరిగా పలకలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటలకి కుర్ర డాక్టరు ముందు నిలబడ్డారు. బల్ల చుట్టూ ఇరవైమంది. డాక్టరు తలెత్తకుండానే బీపీ చూసి, కాలు నొక్కి, అప్పుడు తలెత్తాడు.

"ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. బాగా ముదిరింది. పాత రిపోర్టులు తీయండి."

పెళ్ళాం చువ్వ వంక చూసింది.

"లేవండీ" అన్నాడు చువ్వ.

"పోనీ, ఎప్పుడైనా మూత్రపరీక్ష చేయించుకున్నావా?"

చువ్వ నోరు తెరిచాడు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. వెనక వరసలో ఎవరో తోస్తున్నారు. డాక్టరు కలం కాగితం మీద ఆగి ఉంది.

"లేదండీ" అన్నాడు. "ఇదే మొదటిసారి."